రాత్రి పూట మీటరు ఎందుకు తిరుగుతోంది?

ప్రశ్న: మేం పై అంతస్తులో ఉంటాం. కింద మావారూ మరిదీ కలిసి చెక్క ఫర్నిచర్ వర్క్‌షాప్ నడుపుతారు. లెక్కలు నేను చూస్తాను. ఇంటికి ఒక మీటరు, వర్క్‌షాప్‌కి ఒక మీటరు. ఏడాదిగా రెండు బిల్లులూ పెరుగుతూనే ఉన్నాయి, పని మాత్రం అంతగా పెరగలేదు. మామగారు రోజంతా గది గదికీ తిరిగి లైట్లు ఆర్పుతారు, ఛార్జర్లు పీకేస్తారు. దాని మీద ఆయనకూ మా అబ్బాయికీ రోజూ గొడవే. ఈ మధ్య ఒకాయన వచ్చి, ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు మూడో వంతు తగ్గించే పెట్టె ఉందన్నాడు. ఇంకొకరు సోలార్ పెట్టించుకోమంటున్నారు. మరిదేమో ఫ్రిజ్, ఏసీ, మోటార్లు అన్నీ మార్చేద్దాం అంటాడు. ఇవన్నీ వింటుంటే టెన్షన్‌గా ఉంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ పెట్టె సంగతి తేల్చేద్దాం. కొనకండి. అలాంటి పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్, పనిచేస్తున్నట్టు కనిపించడానికి ఒక లైటు. అమ్మేవాళ్లు ఒక చిన్న మోటారు తిప్పి, పెట్టె పెట్టగానే ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. అందులో మోసం లేదు, ఆంపియర్లు నిజంగానే తగ్గుతాయి. మోసమంతా ఆ తర్వాత చెప్పే మాటలో ఉంది. ఇంటి మీటరు లెక్కపెట్టేది యూనిట్లను, అవి తగ్గవు. వర్క్‌షాప్‌ది కాస్త వేరే కథ. మీ బిల్లు కాగితంలో పవర్ ఫ్యాక్టర్ అనో కేవీఏ అనో (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చింది ఎంతో చూసే లెక్కలు) ఒక వరుస ఉండి, దానికి విడిగా డబ్బు పడుతుంటే, మోటార్లకు తగిన కొలత కెపాసిటర్లు ఎలక్ట్రీషియన్‌తో పెట్టించడం మంచి పనే. దానివల్ల తగ్గేది ఆ అదనపు వడ్డింపు. ఆ వరుసే లేకపోతే దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

సోలార్, కొత్త ఫ్రిజ్, కొత్త మోటార్లు మూడింటినీ ఒక మూడు నెలలు పక్కన పెట్టండి. అవి చెడ్డవని కాదు. కరెంటు ఎక్కడ పోతోందో తెలియకుండా ఏది కొన్నా చీకట్లో రాయి వేసినట్టే.

ఇప్పుడు మామగారి లైట్లు. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రంతా, అంటే 8 గంటలు, మర్చిపోయి వదిలేసినా యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. అదే 20 లీటర్ల బకెట్ నీళ్లను మరో 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కావాలి. అంటే ఒక్క స్నానం ఖర్చుతో ఆ బల్బును ఆరేడు రాత్రులు వెలిగించుకోవచ్చు. ఇక ఛార్జర్ అంటారా, ఫోన్ తగిలించకుండా ప్లగ్గులో ఉన్న మంచి ఛార్జర్ వాట్‌లో పదో వంతుకు మించి లాగదు. ఏడాది పొడుగునా వదిలేస్తే ఒక యూనిట్ లోపు. దాని కోసం తాతామనవళ్లు మాట్లాడుకోవడం మానేయడం నాకు గిట్టుబాటు వ్యవహారంగా కనిపించడం లేదు.

అలాగని మామగారిది తప్పనడం లేదు. కరెంటు దుబారా ఆయనకు కంటికి కనిపించేది లైట్ల రూపంలోనే. పాతకాలం బల్బుల్లో కరెంటు దాదాపు అంతా వేడిగానే పోయేది కాబట్టి అప్పటికి ఆ అలవాటు సరైనదే. ఇప్పుడు పోయేది కనిపించని చోట. దాన్ని పట్టుకునే పని ఆయనకే అప్పగించండి. ఇంట్లో అంత శ్రద్ధ ఉన్న మనిషి ఇంకెవరున్నారు?

ఆ పని ఇది. రాత్రి అందరూ పడుకునే ముందు ఇంటి మీటరు రీడింగ్ రాసుకోవాలి, టైముతో సహా. పొద్దున ఎవరూ స్విచ్ వేయకముందే మళ్లీ రాసుకోవాలి. ఫ్యాన్లు ఆపి పడుకోమని నేను చెప్పను. వాటిని లెక్కలో తీసేస్తే చాలు: మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు అనుకుంటే 8 గంటలకు 0.6 యూనిట్. ఏసీ వేసుకునే రాత్రి మాత్రం ఈ లెక్క కుదరదు, అది వేయని రోజు చూడండి. ఉదాహరణకు రాత్రి 8 గంటల్లో 3.8 యూనిట్లు తిరిగిందనుకుందాం. మూడు ఫ్యాన్లకు 1.8 తీసేస్తే మిగిలింది 2. అంటే సగటున 250 వాట్లు. మామూలు ఇంటి ఫ్రిజ్ రోజుకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుంది, సగటున 40 నుంచి 60 వాట్లు. మరి మిగతా రెండు వందల వాట్లు ఏమిటి? ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఎవరు వాడుతున్నారు?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే, ఏడాదికి 8,760 గంటలు. గీజర్ 2,000 వాట్లయినా నడిచేది కాసేపు. పది వాట్ల వస్తువు ఆగకుండా నడిస్తే ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. దుబారా ఎక్కువగా దాక్కునేది వాట్లలో కాదు, గంటల్లో.

రాత్రంతా ఆగనక్కర్లేకుండా ఇంకో పద్ధతీ ఉంది, ఇది మీ అబ్బాయికి నచ్చుతుంది. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు టిక్కు టిక్కుమని వెలుగుతుంటుంది. యూనిట్‌కి అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది: 1600 అనో, 3200 అనో, వేరే అంకో. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది వెలుగులకు ఎంతసేపు పట్టిందో చూడండి. 3200 మీటరులో పది వెలుగులకు 45 సెకన్లు పడితే, ఒక్కో వెలుగుకు నాలుగున్నర సెకన్లు. 3600ని 3200తోనూ, 4.5తోనూ భాగిస్తే 0.25 కిలోవాట్, అంటే ఆ నిమిషంలో ఇల్లు 250 వాట్లు లాగుతోంది. ఇప్పుడు ఒకరు మీటరు దగ్గర నిలబడి, ఇంకొకరు లోపల బోర్డులో ఎంసీబీలు, అంటే ఒక్కో లైనుకు ఉండే స్విచ్చులు, ఒక్కొక్కటే దించుతూ వెళ్లండి. ఏది దించితే వెలుగు నెమ్మదిస్తుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు. దించడం, ఎత్తడం వరకే, బోర్డు మూత మాత్రం విప్పకండి. ఫ్రిజ్ ఉన్న లైను దించితే మళ్లీ ఎత్తడానికి ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే దాని కంప్రెసర్ ఇబ్బంది పడుతుంది. లైను తెలిశాక అందులో ఏ వస్తువో తేల్చడానికి ప్లగ్గుకూ వస్తువుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు దొరుకుతుంది. ఎవరి దగ్గరైనా ఉంటే వారం రోజులు అడిగి తెచ్చుకోండి, కొనుక్కున్నా వృథా కాదు.

సాధారణంగా దొరికే దొంగలు కొందరున్నారు. టీవీ రిమోట్‌తో ఆపినా లోపల పూర్తిగా మేలుకునే ఉండే సెట్‌టాప్ బాక్స్ ఒకటి. చాలా మోడళ్లు ఆపినప్పుడు, నడిచేటప్పుడు దాదాపు ఒకేలా లాగుతాయి. ఆపకుండా వదిలేసే డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇంకొకటి. రోజంతా స్విచ్ వేసి ఉంచే గీజర్ ఉందంటే, ఎవరూ స్నానం చేయకపోయినా ట్యాంకు చల్లారుతూ, మళ్లీ కాగుతూ ఉంటుంది. ఎవరూ ఊహించనిది నీళ్ల మోటారు. బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతుంటే పైన ట్యాంకు ఖాళీ అవుతుంది, మోటారు మళ్లీ నడుస్తుంది. ఇరవై నిమిషాల ప్లంబర్ పని, నెలల తరబడి కరెంటు బిల్లులో కనిపిస్తుంటుంది. అన్నిటికంటే పెద్ద దొంగ రెండో ఫ్రిజ్. కొత్తది కొన్నాక పాతది పారేయడం ఇష్టం లేక వర్క్‌షాప్‌లో మంచినీళ్ల సీసాలకని పెట్టుకుంటారు. మీ ఉత్తరంలో అది లేదు కానీ, ఎందుకో ఉంటుందనిపిస్తోంది.

ఫ్రిజ్ మార్చాలా వద్దా అనేది దాని వయసును బట్టి కాకుండా కొలతను బట్టి తేల్చుకోండి. అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి గంట కొలిస్తే ఏమీ తెలియదు. వాట్ మీటరు పూర్తిగా ఒకరోజు, వీలైతే రెండు రోజులు ఉంచాలి. ముందు తలుపు రబ్బరు చూడండి. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే పట్టు తెలియాలి. నాలుగు వైపులా చూడండి, ఎక్కడ సులువుగా జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం బయటికి పోతోంది. వెనక గోడకు ఆనించి ఉంటే కాస్త జరపండి, దుమ్ము దులపండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే చాలు. ఇవన్నీ చేశాక కూడా రోజుకు మూడు నాలుగు యూనిట్లు తాగుతుంటే అప్పుడు మరిది మాట వినొచ్చు.

ఏసీ గురించి అందరికీ తెలిసినా ఎవరూ పాటించని సంగతి: 16లో పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. మామూలు ఏసీ 16లో పెట్టినా 25లో పెట్టినా మొదట్లో ఒకే బలంతో నడుస్తుంది, 16లో పెడితే ఎప్పటికీ ఆగదు, అంతే తేడా. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ ఖర్చు సుమారు 6 శాతం తగ్గుతుందని సాధారణంగా వేసే లెక్క. 26లో పెట్టి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే ఒంటికి తేడా పెద్దగా తెలియదు. ఫిల్టరు నెలకోసారి కడగండి. మధ్యాహ్నం ఎండ పడే కిటికీకి బయటి వైపు నీడ కట్టండి. లోపల కర్టెన్ కంటే బయట నీడే మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని మళ్లీ ఏసీయే బయటికి పంపాలి.

ఫ్యాన్లు పాడైనప్పుడు బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారున్న ఫ్యాన్లు పెట్టుకోండి, 75 వాట్ల చోట 30 వాట్లతో అదే గాలి వస్తుంది. బాగా నడుస్తున్న వాటిలో ముందు మార్చదగ్గది హాల్లో రోజంతా తిరిగేది ఒక్కటే.

ఇక కిందికి వెళ్దాం. నా అనుమానం అసలు కథ అక్కడే ఉందని.

వర్క్‌షాప్ మీటరు సాయంత్రం తాళం వేసేటప్పుడు ఒకసారి, పొద్దున తీసేటప్పుడు ఒకసారి చూడండి. లోపల ఎవరూ లేరు కాబట్టి తేడా దాదాపు సున్నా రావాలి. పది, పన్నెండు యూనిట్లు తేడా వస్తే నేను మొదట చూసేది ఎయిర్ కంప్రెసర్‌ని. మేకులు కొట్టే గన్నులు, పాలిష్ స్ప్రే గన్నులు ఉన్న చోట అది ఉండే తీరుతుంది. దాన్ని ఆపకుండా వదిలేస్తే, ఒత్తిడి తగ్గినప్పుడల్లా దానంతటదే ఆన్ అవుతుంది. గాలి ఎవరూ వాడకపోతే ఒత్తిడి ఎందుకు తగ్గుతుంది? పైపుల్లో లీకులు.

లీకు ఎంతుందో మీవారు పావుగంటలో తేల్చేయొచ్చు. భోజనం వేళ పనిముట్లన్నీ ఆపి, కంప్రెసర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ట్యాంకు నిండి మోటారు ఆగాక, మళ్లీ ఆన్ అయ్యేదాకా ఎంతసేపో, ఆన్ అయ్యాక ఆగేదాకా ఎంతసేపో మూడు నాలుగు సార్లు రాసుకోండి. ఆరు నిమిషాలు ఆగి రెండు నిమిషాలు నడుస్తోందనుకోండి, ఎనిమిది నిమిషాల్లో రెండు, అంటే కంప్రెసర్ సత్తువలో నాలుగో వంతు లీకులకే సరిపోతోంది. ఇదేమీ అరుదు కాదు. సరిగా చూసుకోని చోట్ల 20 నుంచి 30 శాతం మామూలు. 5 హెచ్‌పీ మోటారు, అంటే సుమారు 3.7 కిలోవాట్లు, రాత్రి 14 గంటలు అలా వదిలేస్తే మూడున్నర గంటలు నడిచినట్టు. పన్నెండు, పదమూడు యూనిట్లు అక్షరాలా గాలికి పోయినట్టే. పగలు పోయేది దీనికి అదనం.

తాళం వేసేటప్పుడు కంప్రెసర్ మెయిన్ ఆపడం ఈ రోజు నుంచే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. లీకులు వెతకడానికి సెలవు రోజు మంచిది. మెషీన్ల మోత లేనప్పుడు బుస్సుమనే శబ్దం చెవికే దొరుకుతుంది. దొరకని వాటికి సబ్బు నీళ్లు బ్రష్‌తో పూయండి, బుడగలు వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పైపు మధ్యలో లీకులు తక్కువ. ఎక్కువగా ఉండేవి గన్నును తగిలించే కప్లింగుల్లో, క్లిప్పు బిగించిన చోట, ట్యాంకు కింద నీళ్లు వదిలే వాల్వులో. ఆ వాల్వు సగం తెరిచి వదిలేయడం చాలాచోట్ల అలవాటు. నీళ్లు వదలాలి నిజమే, వదిలాక బిగించాలి. ఒకసారి బాగుచేస్తే సరిపోదు, మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి. కప్లింగులు అరుగుతూనే ఉంటాయి.

ఒత్తిడి కూడా చూడండి. గన్నులకు 6 బార్ (గాలి ఒత్తిడి కొలత) చాలినా, ఎందుకైనా మంచిదని 8లో పెడతారు. ఒక్కో బార్ తగ్గిస్తే కంప్రెసర్ ఖర్చు ఇంచుమించు 7 శాతం తగ్గుతుంది, లీకుల్లో పోయే గాలి కూడా తగ్గుతుంది. ఒకేసారి కాకుండా అర బార్ చొప్పున తగ్గిస్తూ, పనివాళ్లు "మేకు దిగట్లేదు" అనే దగ్గర ఆగి కొంచెం పెంచండి. ఇంకొకటి, పొట్టు ఊడ్చడానికి గాలి గన్ను వాడుతుంటే మాన్పించండి. కంప్రెసర్ తాగే కరెంటులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు పనిగా బయటికి వస్తుంది, మిగతాదంతా వేడి. అంత ఖరీదైన గాలితో నేల ఊడవడం ఎందుకు? బట్టల మీద పొట్టు దులుపుకోవడానికి వాడితే మరీ ప్రమాదం, కంటికీ చెవికీ తగలరాని చోట తగులుతుంది.

పొట్టు లాగే డస్ట్ కలెక్టర్‌ని మాత్రం పొదుపు పేరుతో ఆపకండి. సన్నటి చెక్క పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, కొన్ని యూనిట్ల కోసం ఆ బేరం వద్దు. అయితే మెషీన్లన్నీ ఆగినా అది ఒక్కటే రోజంతా మోగుతుంటే, మెషీన్‌తో పాటే ఆన్ అయ్యి, ఆగాక కొద్ది క్షణాలకు ఆగేలా ఎలక్ట్రీషియన్ వైరింగ్ చేయగలడు. సంచీ మూసుకుపోకుండా దులిపితే అదే మోటారు బాగా లాగుతుంది. పెద్ద ఫ్యాన్ అయితే వేగం తగ్గించే డ్రైవ్ గురించి ఆలోచించొచ్చు. ఫ్యాన్ వేగం 80 శాతానికి దించితే అది తినే కరెంటు దాదాపు సగమవుతుంది. కానీ పైపుల్లో పొట్టు పేరుకోనంత గాలి ఉండాలి, కాబట్టి తెలిసిన మనిషితోనే చేయించండి.

రంపం మోటార్ల దగ్గర మొదట చూడాల్సింది మోటారును కాదు, బ్లేడును. మొండి బ్లేడు కోతలో మోటారు మూలుగుతుంది, చెక్క అంచు మాడుతుంది. ఆ మాడిన నలుపు మీ కరెంటే. బెల్టు వదులుగా ఉండి జారినా అంతే. ఎవరైనా క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసేది) పెట్టి, "ఖాళీగా తిరుగుతూనే సగం ఆంపియర్లు తింటోంది" అంటే కంగారు పడకండి. ఖాళీ మోటారు ఆంపియర్లలో చాలా భాగం యూనిట్లుగా మారదు, పెట్టె అమ్మేవాడు ఆడేది కూడా ఈ తిరకాసు మీదే. కొత్త రకం మోటారుకూ పాతదానికీ ఈ సైజులో తేడా ఐదారు శాతం. రోజంతా నడిచే మోటారుకు అది లాభమే, రోజులో గంటో రెండు గంటలో నడిచే రంపానికి అంత తొందర లేదు. అది కాలిపోయిన రోజు మళ్లీ వైండింగ్ చేయించకుండా కొత్తది పెట్టించండి. ఒక్కసారి చుట్టించడంలో పని సరిగా లేకపోయినా దాని సామర్థ్యం ఇంకా తగ్గుతుంది.

ఈ పనుల్లో దేనికంటే ముందైనా ఒకటి చేయాలి. పైనా కిందా ఏ ప్లగ్గయినా, స్విచ్ అయినా చేతికి వేడిగా తగులుతుంటే, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే, దాన్ని వెంటనే బాగుచేయించండి. వదులు కనెక్షన్ దగ్గర కరెంటు వేడిగా పోతుంది. చెక్క పొట్టు ఉన్న చోట అది బిల్లుతో ఆగే విషయం కాదు.

లెక్కలు మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి మీకు ఒక చిన్న పని. బిల్లుల్ని డబ్బులో పోల్చకండి, రేటు మారితే, శ్లాబు మారితే అంతా కలగాపులగం అవుతుంది. యూనిట్లను బిల్లులో ఉన్న రోజులతో భాగించి రోజుకు ఎంతో రాసుకోండి, నిరుడు ఇదే నెలతో పోల్చండి. వర్క్‌షాప్‌కి ఇంకో గడి వేసి, ఆ నెల ఎన్ని వస్తువులు తయారైందీ రాయండి. పని పెరిగి యూనిట్లు పెరిగితే అది దుబారా కాదు. ఏడాదిగా పెరుగుతోందన్నారు కాబట్టి, ఏ నెలలో మొదలైందో పాత బిల్లుల్లో వెతకండి. ఆ నెలలో కొత్తగా ఏం వచ్చింది, ఏం చెడింది అని అడిగితే ఒక్కోసారి జవాబు ఇంట్లోనే దొరుకుతుంది.

మూడు నెలలయ్యాక ఆ కాగితం ముందు పెట్టుకుని సోలార్ వాళ్లను పిలవండి. వాళ్లు మీ పాత బిల్లులు చూసి ఎన్ని ప్యానెళ్లో లెక్కవేస్తారు. పాత బిల్లుల్లో కంప్రెసర్ లీకులూ, కారే ఫ్లష్ ట్యాంకూ అన్నీ కలిసి ఉన్నాయి, వాటికి కూడా మీరు ప్యానెళ్లు కొంటారు. కాబట్టి కొత్త లెక్కే చూపించండి. పగలు ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని యూనిట్లు అని విడివిడిగా అడిగితే, మామగారి పుస్తకంలో అదీ ఉంటుంది.